అంకెయు మనస్సును: పావగడ సీమ నిత్యవ్యవహారములపై ఒక పరిశీలనము

లెక్క వేరు, మనస్సు వేరు అను భావన లోకమున స్థిరపడి యున్నది. లెక్క తెలిసినవాడు కఠినుడనియు, మనస్సు మెత్తనివాడు బేరములలో మోసపోవుననియు సామాన్యముగా తలంతురు. ఎక్కడనైనను 'బావా' యని పిలువవచ్చునుగాని వంగతోట దగ్గర మాత్రము పిలువరాదని తెలుగువారి సామెత. చుట్టరికమును కాయల లెక్కయు ఒకచోట నిముడవని దాని తాత్పర్యము. సామెత సరసమైనదే. కాని మనుష్యుడు నిత్యజీవితమున నిర్ణయములు చేయు తీరును గడచిన యేబది సంవత్సరములుగా పరిశీలించుచున్న మనశ్శాస్త్రవేత్తలు కనుగొన్నది ఇంచుమించు దీనికి విరుద్ధముగా నున్నది. అంకె తనంతట తాను ఏ నిర్ణయమును చేయింపజాలదు. అది మనస్సున ఆశగానో భయముగానో మారినపుడే మనుష్యుని కదలించును. లెక్క వచ్చినవానికిని రానివానికిని గల భేదము మనస్సు ఉండుటలోను లేకుండుటలోను లేదు. ఆ మనస్సును కదలించు భావము ఎచ్చట నుండి పుట్టుచున్నదన్న విషయమున గలదు. ఒకనికి అది అంకె నుండి పుట్టును. మరియొకనికి అంకెను చెప్పువాని ముఖము నుండి, కంఠము నుండి, కాగితముపై ముద్ర నుండి పుట్టును.

ఈ విషయమును పావగడ సీమయందు పరిశీలించుటకు తగిన కారణము కలదు. కర్ణాటక రాష్ట్రమున తుమకూరు జిల్లాకు చెందిన పావగడ తాలూకాను మూడు వైపుల ఆంధ్రదేశము చుట్టుకొని యున్నది. ఆ తాలూకాలోని అరసికెరె గ్రామము, హాసను జిల్లాలో రైలు కూడలిగా పేరుపొందిన అరసికెరె కాదు. పేరు మాత్రము విన్నవారు పొరబడుట సహజము. కన్నడమున 'అరసి' యనగా రాణి, 'కెరె' యనగా చెరువు. ఊరి పేరు కన్నడము. ఈ సీమలో పెక్కిండ్ల మాట తెలుగు. కనుక ఇచ్చటి కుటుంబమునకు ఒకే లెక్క మూడు వేషములతో ఎదురగును. ఇంటిలో తెలుగున అనుకొన్న మొత్తము పహణీలో కన్నడమున నుండును. బ్యాంకు కాగితముపై తరచుగా ఇంగ్లీషున నుండును. వానను నమ్ముకొన్న వేరుసెనగ పంట, ఎండిపోవు బోరుబావులు, అప్పులు, చీటీలు ఇవి యన్నియు దినదినము అంకెలతో పని కల్పించునవి.

మొదట వడ్డీ సంగతి. పల్లెలలో వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్పుదురు. బ్యాంకువారు సంవత్సరమునకు నూటికి ఇంత యని చెప్పుదురు. 'రెండు రూపాయల వడ్డీ' అన్న మాట చెవికి చిన్నది. 'తొమ్మిది శాతము' అన్న మాట పెద్దది. కాని నెలకు నూటికి 2 రూపాయలన్నచో ఏడాదికి 24. మూడు రూపాయల వడ్డీ యన్నచో 36. తొమ్మిదికంటె రెండు చిన్నదను చిన్ననాటి పాఠమే ఇచ్చట మనుష్యుని తప్పుదారి పట్టించును. ఆ పైన తెలిసిన షావుకారు తెలుగున మాటలాడును, కాగితములు అడుగడు, రాత్రివేళ తలుపు తట్టినను లేచి యిచ్చును. బ్యాంకులోనన్ననో వరుసలో నిలువవలెను, చదువరాని పత్రముపై సంతకము చేయవలెను. ఈ వెచ్చదనమునకును ఆ బెరుకునకును విలువ లేదనుట అన్యాయము. విలువ కలదు. లక్ష రూపాయల అప్పుపై ఏడాదికి 15,000 రూపాయలు ఆ విలువ. దానిని తెలిసి చెల్లించువాడు వేరు, తెలియక చెల్లించువాడు వేరు.

నెలనెల వాయిదాలుగా తీర్చు అప్పులలో ఇంకను సూక్ష్మమైన చిక్కు గలదు. 10,000 రూపాయలు ఏడాదికి నూటికి 12 చొప్పున ఇచ్చితిమని చెప్పి, 11,200 రూపాయలను పండ్రెండు సమభాగములుగా వసూలు చేయుదురు. వినుటకు లెక్క సరిగానే యున్నది. కాని అసలు నెలనెల తరుగుచుండగా వడ్డీ మాత్రము మొదటి రోజు అసలుపైననే కట్టబడినది. ఏడాది పొడవునను అప్పుతీసినవాని చేతిలో సగటున మిగిలిన అసలు 5,417 రూపాయలు మాత్రమే. దానిపై 1,200 రూపాయల వడ్డీ యన్నచో నూటికి 22 దాటినది. ఇది మోసమని వాదింపనక్కరలేదు. పత్రమున అంతయు వ్రాసియే యుండును. వ్రాసియున్నదానికిని కనబడుదానికిని నడుమ గల దూరమే ఇచ్చటి విషయము.

కాయలమ్ముకొను నాటి సంగతియు నిట్టిదే. ఒక వర్తకుడు క్వింటాలునకు 6,000 రూపాయలు పలికి, తరుగు క్రింద 6 కిలోలు తీసివేయు ననుకొందము. మరియొకడు 5,800 పలికి, 2 కిలోల తరుగు తీయును. మొదటివాని వద్ద చేతికి వచ్చునది 5,640 రూపాయలు. రెండవవాని వద్ద 5,684. తేడా 44 రూపాయలే కావచ్చును. కాని ఊరిలోనికి పోయి చెప్పుకొనుటకు 'ఆరువేలకు అమ్మితిని' అన్న మాటలో గల సంతోషము ఆ 44 రూపాయలకు లేదు. గర్వమును బేరములో నొక పక్షమే.

ఇంతవరకు చదివినవారికి లెక్క వచ్చినచో మనస్సు తొలగిపోయి నిర్ణయము శుద్ధమగునని తోచవచ్చును. అట్లు కాదని నిరూపించినవారిలో ముఖ్యుడు నాడీశాస్త్రవేత్త ఆంటోనియో డమాసియో. మెదడు ముందుభాగమున గ్రంథి ఏర్పడి, శస్త్రచికిత్స జరిగిన యొక రోగి కథను ఆయన 1994లో వెలువరించిన గ్రంథమున వివరించెను. ఆ రోగికి తెలివితేటల పరీక్షలలో ఏ లోపమును కనబడలేదు. లెక్కలు చేయగలడు, వాదింపగలడు. కాని అతనిలో భావోద్రేకములు చల్లారిపోయినవి. దానితో అతని జీవితమే చెదరిపోయినది: ఉద్యోగము పోయెను, వ్యాపారము మునిగెను, ఏ పనికి ముందు ఏది చేయవలెనో తేలలేదు. అట్టి మరియొక రోగిని, రెండు తేదీలలో ఏనాడు మరల వత్తువని అడుగగా, అతడు దినచర్య పుస్తకము తెరచి, ఈ నాడైన నిట్లు, ఆ నాడైన నట్లు అని సుమారు అరగంటసేపు కారణములు లెక్కించుచు పోయెనట. ఏ కారణమును తప్పు కాదు. కాని ఏదియు అతనికి ఇష్టముగను లేదు, అనిష్టముగను లేదు. చివరకు రెండవ తేదీన రమ్మని వైద్యుడే చెప్పవలసి వచ్చెను. మనస్సు తీసివేసినచో మిగులునది శుద్ధమైన లెక్క కాదు, అంతులేని లెక్క.

లెక్కకును భావమునకును గల సంబంధమును తిన్నగా కొలిచినవారు ఎలెన్ పీటర్స్, పాల్ స్లోవిక్ మొదలగువారు. 2006లో ప్రకటించిన వారి ప్రయోగములలో కొన్నింటిని మన పరిసరములకు మార్చి చెప్పుకొనవచ్చును. ఒక గిన్నెలో 100 చింతపిక్కలు, వానిలో 9 రంగువి. మరియొక గిన్నెలో 10 పిక్కలు, వానిలో 1 రంగుది. కన్నులు మూసికొని రంగుపిక్క తీసినవానికి బహుమానము. రెండవ గిన్నెలో అవకాశము నూటికి 10, మొదటిదానిలో నూటికి 9. అయినను తొమ్మిది రంగుపిక్కలు కంటికి కనబడుచుండగా చేయి అటు పోవును. లెక్కల నైపుణ్యము తక్కువగా గలవారిలో ఈ ఆకర్షణ హెచ్చుగా కనబడెను. అట్లే ఒక విద్యార్థి పరీక్షలో నూటికి 74 సరిగా వ్రాసెనని చెప్పినపుడును, 26 తప్పు వ్రాసెనని చెప్పినపుడును లెక్క ఒక్కటియే. కాని లెక్క చాలనివారు మొదటివిధముగా విన్నపుడు ఆ విద్యార్థిని మెచ్చుకొనుట, రెండవవిధముగా విన్నపుడు తక్కువగా ఎంచుట హెచ్చు. లెక్క వచ్చినవారు 26 వినగానే 74ను తామే తెచ్చుకొందురు గనుక వారి తీర్పు అంతగా మారలేదు.

ఈ పరిశోధకులే కనుగొన్న మూడవ విషయము ఇంకను విచిత్రమైనది. ఒక జూదమున 36 పాళ్లలో 7 పాళ్లు 9 డాలర్లు గెలుచు అవకాశము. మిగిలిన 29 పాళ్లలో ఏమియు రాదు. మరియొకదానిలో అంతయు నట్లే, కాని మిగిలిన 29 పాళ్లలో 5 సెంట్లు పోవును. రెండవది స్పష్టముగా తక్కువైనది. అయినను లెక్కలలో ఆరితేరినవారు రెండవదానిని హెచ్చుగా మెచ్చుకొనిరి! కారణమేమన, 9 డాలర్లు అన్నది ఒంటరిగా నున్నపుడు పెద్దదో చిన్నదో మనస్సునకు తెలియదు. ప్రక్కన 5 సెంట్లు నిలిచినపుడు అది కొండవలె కనబడును. లెక్క తెలిసినవాడే ఆ పోలికను చూడగలడు, చూచి మురియగలడు. లెక్క తెలిసిన మాత్రమున పొరపాటు పడడని కాదు. అతని పొరపాటు సైతము అంకె నుండియే పుట్టును. లెక్కల ఉపాధ్యాయులు ఈ ప్రయోగమును గుర్తుంచుకొనుట మంచిది.

అంకెకు భావముండునని పాశ్చాత్యులు చెప్పకముందే తెలుగు కళ్లములకు తెలియును. ధాన్యము కొలుచునపుడు పెక్కుచోట్ల 'ఒకటి' అనరు, 'లాభము' అందురు. 'ఏడు' అనుటకు జంకి 'ఆరున్నొకటి' అనువారు కలరు. ఏలయన తెలుగున ఆ మాటకు ఏడ్చుమను అర్థము గూడ గలదు. చదివింపులలో నూరు రూపాయలు ఈయరు, నూటపదహార్లు ఇత్తురు. ఆ పదహారు రూపాయలకు అంగడిలో ఎంత వచ్చునని ఎవరును లెక్కింపరు.

భిన్నములకు గూడ ఒకనాడు తెలుగున ప్రాణముండెను. కాలు, అర, ముక్కాలు నేటికిని మిగిలినవి. పరక, వీసము మాటలుగానే మిగిలినవి. నాలుగేసి భాగములుగా విరుగు ఆ భిన్నములకు తెలుగు లిపిలో ప్రత్యేకమైన అంకెలుండెను. 2008లో అవి యూనికోడు పట్టికలోనికి చేరినవి. 1957 ఏప్రిల్ 1వ తేదీన దశాంశ నాణెములు వచ్చుటతో పదునారు అణాల రూపాయి పోయి నూరు పైసల రూపాయి వచ్చెను. అది మేలైన మార్పే, సందేహము లేదు. కాని చేతిలో వీసమును పట్టి చూచినవానికి పదునారవ వంతు ఎంతయో తెలిసినట్లు, పలకపై 0.0625 వ్రాసినవానికి తెలియుట కష్టము.

ఇక రెండు భాషల నడుమ అంకె పడు పాట్లు. తెలుగు, కన్నడములు అక్కచెల్లెండ్రు, అందుచేతనే ప్రమాదము. కన్నడమున 'ఒంభత్తు' అనగా తొమ్మిది. అది తెలుగువాని చెవికి తొమ్మిదికంటె తొంబదికి దగ్గరగా వినబడును. కన్నడమున తొంబది 'తొంభత్తు'. డెబ్బది 'ఎప్పత్తు', ఎనుబది 'ఎంభత్తు'. నిదానముగా విన్నచో భేదము స్పష్టమే. బస్సు కదలుచుండగా, కచ్చేరిలో గుమాస్తా తొందరపెట్టుచుండగా విన్నచో స్పష్టము కాదు. కర్ణాటకమున 2015 నాటి చట్టము ననుసరించి పాఠశాలలన్నిటను కన్నడము నేర్పబడుచున్నది గనుక నేటి పిల్లలకు ఈ బాధ తగ్గుచున్నది. వారి పెద్దలకు తగ్గలేదు.

భాష మారినపుడు లెక్క ఏమగునన్నది గూడ పరీక్షింపబడినది. ఎలిజబెత్ స్పెల్కి, సానా ట్సివ్కిన్ అను పరిశోధకురాండ్రు రష్యను, ఇంగ్లీషు రెండును తెలిసినవారికి కొన్ని లెక్కలను ఒక భాషలో నేర్పి, పిదప రెండు భాషలలోను అడిగిరి. 2001లో ప్రకటించిన ఫలితము: ఖచ్చితమైన లెక్కలు నేర్చిన భాషలోనే త్వరగా వచ్చినవి; ఉజ్జాయింపు లెక్కలకు భాషాభేదము లేదు. ఎక్కములను తెలుగున వల్లించినవాడు కన్నడమున బేరమాడుచున్నను లోలోపల తెలుగుననే గుణించుట ఈ కారణము చేతనే.

ఇది మాతృభాషా పక్షమునకు బలము చేకూర్చు ఫలితము. రెండవది అంత అనుకూలము కాదు, అయినను చెప్పవలెను. 1981లో ఏమోస్ ట్వెర్స్కీ, డేనియల్ కానమన్ ఒక ప్రశ్న వేసిరి. 600 మందికి ప్రాణాపాయము కలిగించు వ్యాధి వచ్చినది. ఒక ఉపాయముచేత 200 మంది తప్పక బ్రదుకుదురు. మరియొకదానిచేత మూడింట నొక పాలు అందరును బ్రదుకు అవకాశము, మూడింట రెండు పాళ్లు ఎవరును బ్రదుకని అవకాశము. నూటికి 72 మంది మొదటిదానిని కోరిరి. అదే ప్రశ్నను '400 మంది తప్పక చత్తురు' అని మార్చి వేరొక సమూహమును అడుగగా, ఆ మొదటి ఉపాయమును కోరినవారు 22 మంది మాత్రమే. అంకె మారలేదు, మాట మారినది. 2012లో బోఅజ్ కైసర్ మొదలగువారు ఇట్టి ప్రశ్నలనే తరువాత నేర్చిన పరభాషలో అడిగి చూడగా, మాట మారుటవలన కలుగు ఈ తారుమారు చాలవరకు తగ్గెను. అమ్మ చెప్పిన భాషలో 'చావు' అన్న మాటకు గల పదును పరభాషలో లేదు. అందుచేత వ్యవహారములన్నియు పరభాషలో చేసికొనుట మేలని కొందరనవచ్చును. అది తొందరపాటు. ఆ ప్రయోగములలో పాల్గొన్నవారు ప్రశ్నను అర్థము చేసికొన్నవారు. అర్థమైన పిదప కలుగు చల్లదనము వేరు. అర్థము కాక పత్రముపై వేలిముద్ర వేయు నిశ్శబ్దము వేరు.

బడి లెక్కకును బజారు లెక్కకును నడుమ గూడ ఇట్టి అగాధమే కలదు. కోల్‌కతా, ఢిల్లీ నగరముల అంగళ్లలో పనిచేయు 1,436 మంది పిల్లలను పరీక్షించి, అభిజిత్ బెనర్జీ, ఎస్థర్ డఫ్లో, స్పెల్కి మొదలగువారు 2025లో ఒక పరిశోధనను ప్రకటించిరి. అంగడిలో కూరగాయలు తూచి, వెల కట్టి, చిల్లర తిరిగి యిచ్చుటలో క్షణమైనను తడబడని పిల్లలు, అదే లెక్కను బడి పద్ధతిలో కాగితముపై వ్రాసి యిచ్చిన చేయలేకపోయిరి. బడిలో చదువు పిల్లల సంగతి దీనికి తలక్రిందులు. వారికి అంగడి లెక్క అందలేదు. లెక్క రాదనుట ఎంత తేలిక మాటయో దీనివలన తెలియుచున్నది.

అవసరము మీద నున్నవాని లెక్క మరియొకరీతి. ఇరువదిమంది కలసి నెలకు వేయి రూపాయల చొప్పున చీటీ వేసిరనుకొందము. మొదటి నెలలోనే ఆసుపత్రి ఖర్చు వచ్చిపడినవాడు 20,000 రూపాయల చీటీని 14,000కే పాడుకొనును. విడిచిన 6,000లో నిర్వాహకుని కమీషను పోగా మిగిలినది అందరును పంచుకొందురు. చీటీల చట్టము 1982 నాటిది. కమీషను హద్దును నూటికి 5 నుండి 7కు పెంచుచు 2019లో సవరణ జరిగినది. ఆ హద్దు ప్రకారము 1,400 పోగా తలకు 230 రూపాయలు వచ్చును. పాట పాడువాని మనస్సులో ఈ అంకెలేవియు నుండవు. ఆ సాయంత్రమే కట్టవలసిన సొమ్మొక్కటియే యుండును. తమిళనాడులో 464 మంది చెరకు రైతులను కోతకు ముందు, చేతిలో డబ్బులేని దినములలో నొకసారియు, కోత పిదప డబ్బు వచ్చినపుడు మరియొకసారియు పరీక్షించి, ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్ మొదలగువారు 2013లో ప్రకటించినది ఇదే: ఆ మనుష్యుడే, ఆ తెలివియే, కాని కోతకు ముందు అతని ఆలోచనాశక్తి తగ్గి కనబడెను. డబ్బు చింత మనస్సున కొంత చోటు నాక్రమించుకొనును, లెక్కకు మిగులు చోటు తగ్గును. అందుచేత అవసరము రాకముందే లెక్క చూచుకొన్న యింటికి పాటలో నిలుచు బలము హెచ్చు.

పావగడ రైతునకు మిక్కిలి దగ్గరి ఉదాహరణము ప్రక్కనున్న అనంతపురము సీమలో గలదు. వాన కొరవడినచో పరిహారమిచ్చు భీమా పథకమును 2003లో ఐసిఐసిఐ లాంబార్డు సంస్థ, హైదరాబాదు కేంద్రముగా గల బేసిక్స్ సంస్థ ద్వారా మహబూబునగరము జిల్లాలో మొదలుపెట్టెను. ప్రపంచ బ్యాంకు నిపుణులు తోడ్పడిరి. పిదప అనంతపురము జిల్లా పల్లెలకును అది వచ్చెను. పంట ఎంత పోయినదని చూచు భీమా కాదు ఇది. దగ్గరి వర్షమాన కేంద్రమున ఇన్ని మిల్లీమీటర్లకు తక్కువ కురిసినచో ఇంత సొమ్ము అని ముందే వ్రాసినది. లెక్క ప్రకారము చూచిన, కరవునకు మిక్కిలి భయపడువాడు మొదట కొనవలెను. జేవియర్ జీనే, రాబర్ట్ టౌన్సెండ్, జేమ్స్ వికరీ 2008లో ప్రకటించిన పరిశోధనలో దీనికి విపరీతము కనబడెను. ఆపదకు జంకువారే తక్కువగా కొనిరి. వారికి వాన ఒక ఆపద. తెలియని పత్రము మరియొక ఆపద. రెండవదానిని కొనక తప్పించుకొనిరి. బేసిక్స్ సంస్థతో ముందే పరిచయమున్నవారు హెచ్చుగా కొనిరి. షాన్ కోల్ మొదలగువారు 2013లో ప్రకటించిన తరువాతి పరిశోధనలో ఇంకను స్పష్టమైనది: పల్లెకు నమ్మకస్తుడైన మనుష్యుడు వెంట వచ్చి పరిచయము చేసినచో కొనువారు పెరిగిరి, చేతిలో సొమ్మున్నచో ఇంకను పెరిగిరి, భీమాను గురించి విడిగా చెప్పిన కొద్దిపాటి పాఠమువలన చెప్పుకోదగిన మార్పు రాలేదు.

ఈ రైతులను అమాయకులనుట సులభము. కాని వాన కొలత సంగతి చూడుడు. రాయలసీమ రైతు వానను మిల్లీమీటర్లలో ఎరుగడు. 'పదును' అనును, నాగలి ఎంతలోతు దిగినదో, మన్ను పిడికిట పట్టిన ముద్దయగునో పొడియగునో చూచును. పదును అతనికి కొలతయు, ఆశయు. మిల్లీమీటరు కొలత మాత్రమే. అది అతనిలో ఏ భావమును పుట్టింపదు. భావము పుట్టని అంకెను నమ్ముటకంటె తెలిసిన మనుష్యుని నమ్ముట మేలని అతడు తలచెను. ముఖము చూచి నమ్ముట అన్నివేళల మౌఢ్యము కాదు. ఏండ్లతరబడి పరిచయమున్నవాడు నిలిచినట్లు అంకె అతనిచెంత నిలువలేదు.

పావగడలోనే జరిగిన పెద్ద నిర్ణయము వేరొకటి కలదు. 2015లో కర్ణాటక సౌరవిద్యుత్ అభివృద్ధి సంస్థ ఏర్పడి, తిరుమణి, బళసముద్రము, క్యాతగానచెర్లు, వల్లూరు, రాయచెర్లు గ్రామములలో సుమారు 13,000 ఎకరముల భూమిని కౌలునకు తీసికొనెను. 2019 చివరకు 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రము పూర్తియైనది. భూమి కొనలేదు, ఎకరమునకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేండ్లకొకసారి నూటికి 5 చొప్పున పెంపు, అని ఒప్పందము. అనేక పర్యాయములు కరవు ప్రాంతముగా ప్రకటింపబడిన తాలూకాలో, వాన లేనియేడు విత్తనపు ఖర్చు సైతము తిరిగిరాని వేరుసెనగ చేలలో, ఈ మాట వినబడినది.

21,000 రూపాయలను మూడువిధముల చెప్పి చూడవచ్చును. ఏడాదికి ఇరువది యొక్క వేయి అన్నచో చేతినిండుగా నుండును. నెలకు 1,750 అన్నచో ఒక పింఛను వలె నుండును. దినమునకు 57 రూపాయల 53 పైసలు అన్నచో కనుబొమలు ముడివడును. అంకె ఒక్కటియే. కానమన్, ట్వెర్స్కీ 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతము ప్రకారము, మనుష్యుడు అవకాశముగా నున్న లాభముకంటె తప్పక వచ్చు లాభమునకు లెక్కకు మించిన విలువ నిచ్చును. ఏటేట ఆకాశమువంక చూచినవానికి 'తప్పక' అన్న మాట ఎంత చల్లగా నుండునో వేరుగా చెప్పనక్కరలేదు. మరియొక ప్రక్క, తాతల నాటి నేలపై అద్దపు పలకలు పరచుట చూచినవాని దుఃఖమునకు ఎకరమునకు ఇంత యని వెల కట్టుట కుదురదు. ఈ రెండు భావములును న్యాయమైనవే.

అంకె నుండి పుట్టవలసిన భావము మూడవది గలదు. అది పుట్టుటకు లెక్క కావలెను. 'నూటికి 5 పెంపు' అన్న మాట విన్నచో కౌలు పెరుగుచున్నట్లు తోచును. రెండేండ్లకు 5 అన్నచో ఏడాదికి రెండున్నరకు లోపే. ఇరువదినాలుగేండ్లకు పండ్రెండు పెంపులు. 21,000 చక్రవృద్ధిగా 37,713 అగును. పెద్ద మొత్తమే. కాని రిజర్వు బ్యాంకు 2016 నుండి లక్ష్యముగా పెట్టుకొన్న ధరల పెరుగుదల ఏడాదికి నూటికి 4. ధరలు సరిగా అంతయే పెరిగినను, మొదటి యేటి 21,000 రూపాయలకు వచ్చిన సరుకు ఇరువదినాలుగేండ్ల పిదప కొనుటకు 53,829 రూపాయలు కావలెను. అనగా నాటి 37,713 రూపాయల కౌలునకు, తొలినాటి ధరలలో విలువ 14,713 మాత్రమే. కౌలు పెరిగినట్లు కనబడుచు, మూడింట నొక వంతునకు దగ్గరగా తరుగును.

ఈ లెక్క చూచిన పిదపను ఒప్పుకొనువారు ఒప్పుకొందురు. చాలమందికి అదియే సరియైన నిర్ణయము కావచ్చును. వాన రాని నేల కంటె తరుగు కౌలు మేలు. కాని లెక్క చూచినవాడు పెంపు నూటికి 5 కాక 8 ఉండవలెనని అడుగగలడు. రెండేండ్లకు నూటికి 8 అన్నచో ధరలతో ఇంచుమించు సరిపోవును. చూడనివాడు అడుగుటకు అతని చేతిలో మాట లేదు. ఎనిమిదవ తరగతి పిల్లలు చక్రవడ్డీ నేర్తురు. వారి పాఠ్యపుస్తకములలో అసలు, వడ్డీ, కాలము అను మూడు మాటలతో ఊరు పేరు లేని రామయ్యలు, సోమయ్యలు అప్పులు చేయుచుందురు. తాలూకాలోని కౌలును ఆ పాఠములో నుంచుటకు అడ్డమేమియు లేదు. కన్నడ దేశమున తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతమున వ్రాసిన గణితసారసంగ్రహమున వడ్డీ లెక్కలు కలవు. ఆ గ్రంథమును తెలుగు చేసినవాడు పావులూరి మల్లన. కన్నడసీమ నుండి తెలుగునకు లెక్క వచ్చిన దారి పాతదే.

కౌలు పత్రములలో చేరని లెక్క మాత్రమొకటి మిగిలినది. కౌలు ఎకరములనుబట్టి వచ్చునది. ఎకరము లేనివానికి ఆ పత్రమున అంకెయే లేదు. ఆ చేలలో కలుపు తీసి, కాయ పెరికి, కాయ విడదీసిన కూలివారికి, ముఖ్యముగా స్త్రీలకు, ఆ పని పోయినది. ఎకరమునకు ఇన్ని దినముల కూలి, దినమునకు ఇంత, అని గట్టి, దానిని 13,000చే హెచ్చించుట కష్టమైన లెక్క కాదు. అరసికెరె బడిలో ఐదవ తరగతి పిల్ల చేయగలది.